టేపు పిన్ని డైమండ్ అయిన రోజు

మా అమ్మ చెల్లెలిని చుట్టాలంతా టేపు పిన్ని అంటారు. కుట్టుమిషను అమ్మేసి చాలాకాలమైనా కొలతల టేపు మాత్రం ఆమె మెడలోంచి దిగలేదు. ఇప్పుడు దానితో గుడ్డ కొలవదు, మనుషుల్ని కొలుస్తుంది. ఒంటికి మంచిదని పౌడరు డబ్బాలు అమ్మించే గొలుసు కంపెనీలో ఆమె డైమండ్ అయింది. అంటే ఆమె కింద ఒక ఊరంత జనం డబ్బాలు అమ్ముతున్నారని. ఎలా సాధించిందని నన్ను చాలామంది అడుగుతారు. తామూ సాధిద్దామని ఆశ. వాళ్లకు నా జవాబు ఇదే.

పిన్ని మెట్ల కింది ఇరుకు గదిలో పాత బట్టలు సరిచేసేది. జిప్పులు మార్చడం, అంచులు మడిచి కుట్టడం, బిగుతైనవి వదులు చేయడం. భర్త వదిలేసి పోయాక కొడుకును ఆ మిషను మీదే పెంచింది. నా స్కూలు బట్టలు కుట్టి ఏనాడూ ఏమీ తీసుకోలేదు. అది కాదనను. కానీ ఆ మంచితనాన్నే తర్వాత అందరి మీదా వాడుకుంది.

కోటు వదులు చేయించుకోవడానికి వచ్చిన ఒకాయన ఆమెకు మొదటి డబ్బా అంటగట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గరికి వెళ్లి కలల గురించి మాట్లాడమని కంపెనీ నేర్పుతుంది. అలా వెళ్లినవాళ్ల మొహాన తలుపులు పడతాయి. పిన్ని ఎక్కడికీ వెళ్లలేదు. బట్టలతో తన గదికి వచ్చినవాళ్ల నడుము చుట్టూ టేపు తిప్పి, అంకె పైకి చెప్పకుండా, ఒక్క క్షణం ఆగేది. తర్వాత గొంతు తగ్గించి, "కిందటిసారి ఇంత లేదే, ఒంట్లో బాగానే ఉంటోందా?" అని అడిగేది. ప్యాంటు పట్టుకొచ్చిన మనిషి బెంగనూ డబ్బానూ పట్టుకొని వెళ్లేవాడు. బెంగ పెట్టుకున్నవాళ్లు తమలాంటి మరొకరిని వెంటబెట్టుకొచ్చేవారు.

నేను కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబు చూసుకుంటాను. ఒక ఆదివారం మా ముందుగదిలోనే ఇరుగుపొరుగును కూర్చోబెట్టి పిన్ని తన గారడీ మొదలుపెట్టింది. గ్లాసు నీళ్లలో చిన్న సీసాలోంచి చుక్కలు వేస్తే నీళ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఇదే మన రక్తంలో పేరుకున్న మురికి అంది. చెంచా పౌడరు వేసి కలిపితే నీళ్లు తేటపడ్డాయి. అందరూ నోరెళ్లబెట్టారు. ఆ చుక్కలు అయోడిన్. పౌడరులో ఉన్న విటమిన్ సి దాని రంగు పోగొడుతుంది. మా కాలేజీ పిల్లలు మొదటి ఏడాదిలోనే ఈ ప్రయోగం చేస్తారు. నాకు ఒళ్లు మండి ఫ్రిజ్‌లోంచి నిమ్మకాయ తెచ్చి, ఇంకో గ్లాసులో అవే చుక్కలు వేసి పిండాను. ఆ నీళ్లూ తేటపడ్డాయి. ఇంతటితో ఆమె ఆట కట్టిందనుకున్నాను.

పిన్ని తడుముకోనైనా లేదు. "చూశారుగా, మా అక్క కూతురు సైన్సు చదివింది. తనే పరీక్ష చేసి చూపించింది. నిమ్మకాయ మంచిదే. రోజూ అన్నన్ని కాయలు ఎవరు పిండుతారమ్మా?" అంది. అందరూ నవ్వి డబ్బాలు కొన్నారు. అప్పటినుంచి మీటింగుల్లో నన్ను "మా ఇంటి సైంటిస్టు" అని చెప్పుకోసాగింది.

అది భరించాను. భరించలేనిది నా కూతురి సంగతి. పాపకు ఉబ్బసం. దుమ్మూ పొగా తగిలితే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. అప్పుడు డాక్టరు ఇచ్చిన నీలం పంపు నోట్లో నొక్కాలి, ఆలస్యం చేయకూడదు. పాప నిద్రలో ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే రకం నేను. నేను ఉద్యోగానికి వెళ్తే పాపను చూసేది అమ్మ. పంపుకు అలవాటు పడితే ఊపిరితిత్తులు బద్ధకిస్తాయని పిన్ని ఆమెకు నూరిపోసింది. నాకు తెలియకుండా అమ్మ పాప పాలలో పౌడరు కలుపుతుంటే పట్టుకొని, డబ్బా చెత్తలో పారేశాను. చెల్లెలు చెడు చేస్తుందా అని అమ్మ ఏడ్చింది.

ఆ తర్వాత కొద్దిరోజులకే పిన్నికి డైమండ్ పట్టం కట్టే సభ. అమ్మ పోరు పడలేక పాపను తీసుకొని వెళ్లాను. మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. పాటలు మోగాయి. వేదిక మీద యంత్రంతో తెల్లటి పొగ వదిలారు. ఆ పొగలోంచి మెరిసే కోటు మీద టేపు వేసుకొని పిన్ని నడిచొచ్చింది. పొగ వేదిక దిగి మా కాళ్ల దాకా పాకింది.

పాప దగ్గింది. తర్వాత కూత మొదలైంది. సంచి పక్కజేబులో చెయ్యి పెడితే ఖాళీ. సంచంతా ఒళ్లో బోర్లించాను. పంపు లేదు. అమ్మ నా వైపు చూడటం లేదు.

"నువ్వు తీశావా?"

"ఒక్కసారి చూపించి ఇచ్చేస్తానంది," అంది అమ్మ నేల చూస్తూ.

తలెత్తితే వేదిక మీద, లైటు వెలుగులో, పిన్ని చేతిలో నీలం పంపు.

"ఇది మా మనవరాలిది," అంటోంది మైకులో. "దానికి ఇక దీంతో పనిలేదు."

పాపను ఎత్తుకొని వేదిక ఎక్కాను. పిన్ని చేతిలోంచి పంపు లాక్కొని, అక్కడే కూలబడి పాప నోట్లో నొక్కాను. ఊదారంగుకు తిరిగిన పెదాలు మెల్లగా ఎర్రబడ్డాయి. ఈసారి ఆమెకు మాట దొరకదనుకున్నాను. పిన్ని మా పక్కన మోకాళ్ల మీద కూర్చొని పాప తల నిమిరింది. ఆ చెయ్యి వణకడం నేను చూశాను.

తర్వాత మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"పౌడరు తాగినన్నాళ్లూ ఈ పిల్ల పరుగులు పెట్టింది. వాళ్లమ్మ మాన్పించింది. మానేస్తే ఏమవుతుందో మీరే చూశారు."

చప్పట్లు. వెనక ఎవరో లేచి నిలబడి కళ్లు తుడుచుకున్నారు. నేను చెప్పాల్సిన మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. పిన్ని మైకు నా వైపు చాపింది కూడా, నేను అందుకోలేనని తెలిసే. పాపకు ఇంకా ఊపిరి పూర్తిగా అందడం లేదు. నాకున్న రెండు చేతులూ పాపకే సరిపోయాయి. పక్క తలుపులోంచి ఆసుపత్రికి పరుగెత్తాను. డబ్బాల బల్ల దగ్గర జనం అప్పటికే వరస కడుతున్నారు.

పాపకు ఊపిరి కుదుటపడ్డాక ఇంటికి వస్తుంటే కారులో అమ్మ, "దాని చెయ్యి వణికిందే, చూశావా," అంది.

"చూశాను. మైకు పట్టుకున్న చెయ్యి వణకలేదు," అన్నాను.

మర్నాడు అమ్మ పంపు ఎలా నొక్కాలో నేర్పమంది. నేర్పాను. పాపను మాత్రం కాలేజీ పక్కనున్న పిల్లల కేంద్రంలో చేర్చాను. రోజూ పంపు అక్కడి ఆయా చేతిలో పెట్టి, ఆవిడ చేత ఒకసారి గాల్లోకి నొక్కించి చూశాకే ల్యాబుకు వెళ్తాను.