బావగారు బిగించిన తూటాలు

మా అక్క భర్త ఆస్ట్రేలియా చూడటానికి వచ్చి, మొదటి వారంలోనే చూడటం ముగించి, నా గ్యారేజీని బాగుచేయటం మొదలుపెట్టారు.

ఎనభైల చివర సిడ్నీ శివారు కెల్లీవిల్‌లో ఇళ్ల కన్నా గుర్రాల దొడ్లు ఎక్కువ. ఆదివారాలు నేనూ మా ఆవిడా రైఫిల్ రేంజికి వెళ్లేవాళ్లం. తూటాలు ఇంట్లో నేనే తయారుచేసేవాణ్ణి. ఇత్తడి గొట్టంలో తుపాకీమందు పోసి, పైన గుండును ప్రెస్సుతో దించి, ఎంత లోతుకు దిగిందో వెర్నియర్‌తో కొలవాలి. మా ఆవిడది సెమీ ఆటోమేటిక్ రైఫిల్. గుండు పైకుంటే తూటా దాని మ్యాగజైన్ పెట్టెలో ఇరుక్కుంటుంది. మరీ లోపలికి దిగితే ఒత్తిడి పెరిగి రైఫిలే పగలొచ్చు. ఆ ఇనుముకు అతి దగ్గరలో ఉండేది ఆవిడ చెంప.

ఇదంతా బావగారికి చెప్పాను. మొదటి సగం విన్నారు. రెండో సగం దగ్గర టీ వచ్చింది.

శనివారం షాపుకు వెళ్లొచ్చి, అలవాటుగా డబ్బాలోంచి ఒక తూటా తీసి కొలిచాను. పొట్టిగా ఉంది. ఇంకోటి తీశాను. అదీ అంతే.

"అవన్నీ మళ్లీ నొక్కానోయ్," అన్నారు బావగారు, కుర్చీలో కాళ్లు చాపుకుని. "మర ఇంకాస్త తిప్పి గట్టిగా దించా. ఇక ఇరుక్కోమన్నా ఇరుక్కోవు."

"కొలిచారా?"

"నా చేతికి తెలీదూ? ఇన్నేళ్లు ఇంజినీరుగా చేశా. నీలాగా మాటిమాటికీ కొలవటానికి అదేమన్నా బంగారమా?"

మా ఇళ్లల్లో అక్క మొగుణ్ణి తిట్టరు. కాళ్లు కడిగి పిల్లనిచ్చిన అల్లుడు కొంప తగలబెట్టినా, పాపం చలేసిందేమో అనుకోవాలి. నేనూ అలాగే అనుకున్నాను.

గుండు ఊడదీయటానికి సుత్తిలాంటి పనిముట్టు ఒకటుంటుంది. తూటాను అందులో బిగించి నేలకేసి కొడితే, ఆ అదురుకు గుండు ఊడొస్తుంది. సరిగ్గా ఆయన కుర్చీ ముందే కాంక్రీటు మీద కూర్చున్నాను. దెబ్బకొక మాట చొప్పున మనసులో అనుకున్నాను. అవి అచ్చువేసే మాటలు కావు.

చప్పుడుకు మా ఆవిడ వచ్చింది. "ఏంటండీ ఆ బాదుడు?"

"రేపు నువ్వు కాల్చాల్సినవి. బావగారు కాస్త శ్రద్ధ తీసుకున్నారు. మళ్లీ లోపలికి నొక్కారు."

ఆవిడ ఒకటి కొలిచింది. చెంప తడుముకుంది.

"అన్నయ్యగారూ, రేపు మీరూ రేంజికి రండి. మొదటి తూటా మీరే కాల్చండి. మీరు బిగించిందే."

బావగారు కాళ్లు దగ్గరికి లాక్కున్నారు. "నాకెందుకమ్మా అవన్నీ. చూపు సరిగా ఆనదు."

మర్నాడు రేంజికి వెళ్లలేదు. సాయంత్రమైనా నేను ఊడదీస్తూనే ఉన్నాను.

"ఇంకా కోపమేనటోయ్?" అన్నారాయన.

"కోపమేముంది బావగారూ," అని ఇంకోటి నేలకేసి కొట్టాను.