ఏడో పక్కటెముక మీద పేరు

వీరభద్రానికి కడుపుమంట కొత్త కాదు. అమెరికాలోని ఆష్‌బర్న్‌లో పక్కింటివాడికి గ్రీన్‌కార్డ్ వచ్చినా మండేది, ఎదురింటివాడు బేస్‌మెంట్ కట్టించుకున్నా మండేది. కట్టుకున్న పెళ్లాం మీద మండటం మాత్రం 2012 అక్టోబర్‌లో, ఓ శనివారం మొదలైంది.

వారమంతా డేటా సెంటర్‌లో సర్వర్లు చూసుకునే మనిషి, శనివారం వస్తే ఊరి బయట పాత విమానాలు బాగుచేసే షెడ్డుకి పోయేవాడు. మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైనికులు ఎగరడం నేర్చుకున్న జెన్నీ విమానం ఒకటి అక్కడుంది. చెక్క ఎముకలు, వాటి మీద గుడ్డ, అంతే రెక్క. నాలుగేళ్లుగా దాని తుప్పు గీకాడు, ఆనాటి పైలట్ల ఉత్తరాలు స్కాన్ చేశాడు, ఏ పని ఎవరు చేశారో రిజిస్టర్‌లో రాశాడు. అంతా ఒక్క ఆశతోనే. గుడ్డ కప్పేముందు, రెక్క కుట్టబోయే మనిషి లోపలి చెక్క మీద పెన్సిల్‌తో సంతకం పెట్టడం అక్కడి ఆనవాయితీ. వందేళ్ల తర్వాత ఎవరో గుడ్డ విప్పితే తన పేరు కనబడాలి!

అయితే ముందు ముడి రావాలి. మైనం పూసిన దారంతో గుడ్డను చెక్కకు బిగించే ముడి. నమూనా చట్రం మీద మూడుసార్లు వేశాడు. షెడ్డు పెద్ద హార్వీ మూడుసార్లూ వేలితో లాగి ఊడదీశాడు.

ఆ శనివారం, మరిచిపోయిన లంచ్‌బాక్స్ ఇవ్వడానికి భార్య అనురాధ డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. కాసేపు నిలబడి చూసింది.

"ఏవండీ, ఇది పూలు కట్టే ముడే కదా! ఇటివ్వండి."

వేళ్ల మధ్య దారం తిప్పి గబగబా పది ముళ్లు వేసింది. హార్వీ లాగాడు. ఒక్కటీ కదల్లేదు. "వావ్!" అని, చెవి మీది పెన్సిల్ తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.

వచ్చి పావుగంట కాలేదు! వీరభద్రం కళ్లలో నిప్పులు పోసుకున్నాడు. ఈ పాడు లంచ్‌బాక్స్ ఇవాళే మరిచిపోవాలా అనుకున్నాడు.

"నీ పేరు బాగా పెద్దగా రాసుకున్నావా?" అన్నాడు పుల్లవిరుపుగా.

"నాది కాదండీ. అమ్మది."

రెక్క లోపలి ఏడో చెక్క పక్కటెముక మీద గుండ్రటి తెలుగు అక్షరాలు: శేషమ్మ. రాజమండ్రి మార్కెట్లో ముప్పై ఏళ్లు మల్లెపూలు కట్టి మూరల్లెక్కన అమ్మిన అత్తగారు.

"ముడి ఆవిడదేగా. పాపం, విమానం ఎక్కకుండానే పోయింది."

పోయిన అత్తగారి మీద కూడా ఏడవాలా? ఏడ్చాడు, దాచడం దేనికి! రిజిస్టర్ తెరిచాడు. ఆ షెడ్డులో తెలుగు చదవగలిగేది తామిద్దరే. ఏడో ఎముక గడిలో తన పేరు రాసుకున్నా, గుడ్డ కప్పాక అడిగే నాథుడు లేడు. ఇంగ్లీషులో 'వి' అని మొదలుపెట్టాడు కూడా. అక్కడ చెయ్యి ఆగింది. పాత రిజిస్టర్లలో పని చేసినవాళ్ల పేర్లు ఎగ్గొట్టిన వెధవల్ని నాలుగేళ్లుగా నోరారా తిట్టింది తనే మరి.

ఆ 'వి' కొట్టేశాడు. "శేషమ్మ, పూలు కట్టేది, రాజమండ్రి" అని రాశాడు.

గుడ్డ కప్పారు. "మీరు ఆవైపు కూర్చోండి, నేను గుచ్చిన సూది మళ్లీ ఇటు పంపాలి," అంది అనురాధ.

కూర్చున్నాడు. ఒక్క ముడైనా వదులవుతుందేమోనని సాయంత్రం దాకా చూశాడు. ఒక్కటీ కాలేదు.