కదలని మీటరు

ఆ వీధుల్లో ఆమెను అందరూ నీళ్లక్క అనే పిలుస్తారు. వాల్వులు తిప్పే ఇనుప రాడ్డు భుజాన పెట్టుకుని ఆమె మలుపులో కనబడితే చాలు, ఒకప్పుడు బిందెలు ముందూ మనుషులు వెనకా పరుగెత్తుకొచ్చేవారు. బోర్లెండిపోయి ట్యాంకర్ల దగ్గర జుట్లు పట్టుకున్న రోజులూ ఆమె చూసింది.

తర్వాత ప్రభుత్వం ఇంటింటికీ కొత్త మీటర్లు పెట్టింది. ఎవరెంత వాడుతున్నారో ఆఫీసు తెర మీద కనిపిస్తుంది. ఎక్కడ పైపు కారినా కంప్యూటరే పసిగట్టి వాల్వు మూసేస్తుంది. రెండు వానాకాలాలు గడిచేసరికి బోర్లలోకి మళ్లీ నీళ్లొచ్చాయి. నీళ్లక్క చేతిలోకి రాడ్డుకి బదులు ఫోనొచ్చింది. గడపగడపకీ తిరిగి పొదుపు గురించి చెప్పడం ఇప్పుడామె పని.

ఆ మాట అందరికంటే బాగా తలకెక్కించుకున్నది ఆమె పిన్ని. ఒంటరి మనిషి, చక్కెర జబ్బు. చూరు కింద వాన నీళ్లు తొట్లలో పట్టి, కాచి తాగేది. బియ్యం కడిగిన నీళ్లు గిన్నెలకి, గిన్నెలు కడిగినవి మొక్కలకి. "నా మీటరుకి పక్షవాతమొచ్చిందే" అని మురిసిపోయేది. ఆ మాట నీళ్లక్క వీధంతా చెప్పి నవ్వించేది.

ఆ ఉదయం ఫోనుకి ఆఫీసు సందేశమొచ్చింది. పిన్ని ఇంటి నంబరు. కింద రాసి ఉంది: ఖాళీ ఇల్లు, కుళాయి మూసివేత.

నీళ్లక్క ఆఫీసుకి పరుగెత్తింది. ఒకప్పుడు గుమాస్తాలతో కిటకిటలాడిన గదిలో ఇప్పుడు ఒక్కడే ఉన్నాడు. మంచివాడే, కూర్చోబెట్టి చెప్పాడు. మీటరు కదలని ఇంట్లో మనిషి లేనట్టే లెక్కట. మనిషి లేకపోతే ఆ చిరునామాకి వెళ్లే పింఛనూ, ఇన్సులిన్ సూదులూ వాటంతటవే ఆగిపోతాయట. కుళాయి ఒక్కసారి తెరిచే అధికారం మాత్రం తనకుందని, సాయంత్రంలోగా మీటరు బాగా తిరగాలని అన్నాడు.

"ఆవిడ ఇంట్లోనే ఉంది బాబూ. పొద్దున నేను చూసే వచ్చాను."

"మీరు చూస్తే చాలదక్కా," అని తెర వైపు చూపించాడు. "అది చూడాలి."

పిన్ని పెరట్లో ముక్కాలిపీట మీద కూర్చుని ఉంది. సంగతంతా విని, ఇదేదో వేళాకోళమనుకుంది.

"ఊరికే పారబొయ్యాలా? నువ్వేనటే ఈ మాట అంటున్నది?"

"నీ కాళ్లు పట్టుకుంటా పిన్నీ, పారనీ."

నీళ్లక్క కుళాయి పూర్తిగా తిప్పింది. బకెట్లు నిండాయి, తొట్టి పొంగింది, నీళ్లు కాలవలోకి దూకాయి. పిన్ని మొహం అటు తిప్పేసుకుంది. మీటరులో అంకెలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరిగాయి. నీళ్లక్క వాటి మీంచి కళ్లు తిప్పలేదు.

ఉన్నట్టుండి ధార సన్నబడింది. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

ఫోను మోగింది. అదే ఇంటి నంబరు: ఖాళీ ఇంట్లో లీకు, వాల్వు మూసివేయడమైనది.

నీళ్లక్క కుళాయిని అటూ ఇటూ తిప్పింది. చుక్క రాలేదు.

పిన్ని ఇటు తిరిగి, తడి ఆరని కాలవ వంక చూసి ఊపిరి పీల్చుకుంది. "పోన్లే," అంది, "ఆగింది."