పూజగంటే బడిగంట

మొన్న మా టాంపినీస్ బ్లాకు లిఫ్టులో, పై అంతస్తులోకి కొత్తగా దిగిన ఒకమ్మాయి, తన కూతురు బడికి వెళ్ళడం లేదనీ, ఇంట్లోనే చదువుకుంటోందనీ, దాన్ని హోమ్‌స్కూలింగ్ అంటారనీ ఎంత దర్జాగా చెప్పిందో! అమ్మా తల్లీ, ఆ పని నేను ఇదే బ్లాకులో ఎప్పుడో చేశాను, కాకపోతే దానికంత అందమైన పేరుందని తెలియక నలుగురిలో తలదించుకు తిరిగాను.

కంప్యూటర్ చదివినవాళ్ళను కంపెనీలు ఎగరేసుకుపోతున్న రోజులవి. మావారు కాంట్రాక్టు మీద ఈ పరాయి దేశం వచ్చారు. అది ఎన్నాళ్ళుంటుందో ఆయనకే తెలియదు, ఇక్కడి బళ్ళలో ఖాళీ లేదన్నారు, ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు వింటే కళ్ళు తిరిగాయి. సరేనని హాల్లో మడతబల్ల వేసి మా అమ్మాయికి నేనే పాఠాలు మొదలుపెట్టాను గానీ, అది నన్ను టీచరుగా చూస్తేనా! ఒళ్ళో తలపెట్టుకుని ఎక్కాలు చెబుతానంటుంది. అప్పుడు దేవుడి దగ్గరి ఇత్తడి గంట గుర్తొచ్చింది. గంట మోగితే అది లేచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని ప్రార్థన చెప్పాలి, కళ్ళు తెరిచేసరికి నేను టీచర్ని. అన్నాలయ్యాక మళ్ళీ గంట, మళ్ళీ ప్రార్థన. ఎదురింటి హైదరాబాదు ఆపా ఊరుకుంటుందా, "ఏందమ్మా, పొద్దుగాల పూజ, మధ్యాహ్నం పూజ, మీ దేవునికి జర రెస్టు ఇయ్యవా?" అని ఏడిపించేది.

అలా ఉండగా, మన దేశంలో కొండల మధ్య ఉన్న ఒక రెసిడెన్షియల్ స్కూలు వాళ్ళు పిల్లల్ని ఎంచుకోవడానికి ఇక్కడికే వచ్చారు. అందులో సీటంటే గగనమే, కానీ ఆ ఏడు దాటితే వయసు మించిపోతుంది, ఇక దీనికి బడి యోగం లేనట్టేనని నా భయం. ఇక్కడి తంజోంగ్ పగార్‌లో ఒక హాల్లో పరీక్ష పెట్టారు. అయిపోయిందని గంట కొట్టగానే పిల్లలందరూ బిలబిలమంటూ లేచారు. మా అమ్మాయి కూడా లేచి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, గొంతెత్తి సరస్వతీ ప్రార్థన అందుకుంది! హాలంతా గొల్లున నవ్వింది. అద్దం తలుపుకు ఇవతల నుంచి నేను చేసే సైగలు కళ్ళు మూసుకున్నదానికి ఏం కనపడతాయి! అది మాత్రం చివరిదాకా చెప్పి, కళ్ళు తెరిచి, ఎదురుగా ఉన్న ఆ స్కూలు ప్రిన్సిపాల్‌గారికి శుభ్రంగా "గుడ్ మార్నింగ్ టీచర్" అంది.

ఆవిడ నవ్వలేదు. దగ్గరికి పిలిచి ఎందుకలా చేశావని అడిగితే, బెల్ కొట్టాక ప్రేయర్ చెబితేనే మా అమ్మ టీచర్ అవుతుంది అని చెప్పిందట. ఆవిడ నన్ను లోపలికి పిలిపించి ఒకే ఒక్క ప్రశ్న వేసింది, పిల్ల మిమ్మల్ని వదిలి ఉండగలదా అని కాదు, మీరు ఉండగలరా అని. ఉంటానండీ అని ధైర్యంగా అబద్ధమాడాను.

సీటొచ్చింది. దాన్ని అక్కడ దింపి వచ్చిన మర్నాడు పూజలో గంట కొట్టి, అలవాటు కొద్దీ కుర్చీ జరిగే చప్పుడు కోసం ఆగాను. దాచడమెందుకు, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. మధ్యాహ్నం గంట వినపడలేదని ఆపా ఖీరు గిన్నె పట్టుకుని వచ్చి, ఆ రోజు మాత్రం వేళాకోళమాడకుండా నా పక్కనే కూర్చుండిపోయింది.

ఇప్పటి పిల్లలకు పాఠాలు తెర మీదే వస్తున్నాయి, అమ్మ టీచరుగా మారాల్సిన పని లేదు. ఆపా హైదరాబాదు వెళ్ళిపోయింది. మా అమ్మాయి వేరే ఊళ్ళో ఉద్యోగం, సంసారం అంటూ ఊపిరాడకుండా ఉంది. గంట మాత్రం రోజూ పొద్దున ఒక్కసారి మోగుతుంది. మా దేవుడికిప్పుడు కావలసినంత రెస్టు.