దుమ్ము లేపని స్టాపర్

ఏడో తరగతి మధ్యలో నేను బడి మానేస్తే బాధపడింది మా అమ్మ ఒక్కతే. లెక్కల మాస్టారి ఆరోగ్యం ఆ రోజు నుంచే కుదుటపడిందని తర్వాత విన్నాను. మాదాపూర్‌లో మైక్‌సెట్లు కిరాయికిచ్చే దుకాణంలో పనికి కుదిరాను. పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో మా సేటు ఒక హారన్ లౌడ్‌స్పీకర్, ఒక యాంప్లిఫయర్ తీసుకుపోనిచ్చేవాడు. వాటితో రాయదుర్గం గుట్టల పక్కన జరిగే ఫుట్‌బాల్ ఆటలకు కామెంటరీ చెప్పేవాణ్ని. ఆట గురించి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని. కానీ హారన్ నాది. నాకు ఎదురు చెప్పేవాడి గొంతు పది గజాలు కూడా పోయేది కాదు.

అవి తొంభైల చివరి రోజులు. గుట్టలు కొట్టి రోడ్లు వేస్తున్నారు. గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేస్తోంది, అందులో అందరూ కంప్యూటర్ల ముందు కూర్చుంటారట అని చెప్పుకునేవాళ్లం. కూర్చున్నందుకే జీతమిస్తారంటే దరఖాస్తు పెట్టడానికి మా జట్టులో సగం మంది సిద్ధంగా ఉన్నారు. మా జట్టంటే రాళ్లు కొట్టేవాళ్లు, మేస్త్రీలు, లారీలవాళ్లు. కెప్టెన్ లారీ డ్రైవర్. హారన్ కొట్టకుండా మాట్లాడటం అతనికి చేతకాదు, అందుకే మామూలు మాట కూడా అరుపే.

గ్రౌండులో గడ్డిపోచ ఉండేది కాదు, అంతా ఎర్రటి మొరం మట్టి. అందువల్ల మా జనానికి ఒక లెక్క ఉండేది. గోలు పడకుండా అడ్డుకునేవాడు ఆడినట్టు తెలియాలంటే దుమ్ము లేవాలి. నేలమీద జర్రున జారాలి, ఎర్రటి మబ్బు లేవాలి, ఆ మబ్బులోంచి మనిషి తుమ్ముకుంటూ బయటికి రావాలి. అప్పుడు ఈలలే ఈలలు. బంతి అవతలివాడి దగ్గరే ఉండిపోయినా సరే, దుమ్ము బాగా లేచింది కదా అని ఈల వేసినవాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ని.

గోల్‌కీపర్‌కి ముందర, నడిమధ్యలో నిలబడే ఆటగాణ్ని స్టాపర్ అంటారు. మా స్టాపర్ బండలు పగలగొట్టే పనివాడు. జారడు, ఉరకడు, అరవడు. ఆట అయ్యేసరికి అందరి బనియన్లూ ఎర్రబడితే అతనిది మాత్రం ఇస్త్రీ చేసినట్టే ఉండేది. అతనికి 'కరెంటు స్తంభం' అని పేరు పెట్టింది నేనే. "బంతొచ్చింది... స్తంభం కాడికొచ్చింది... కదల్తలేదు. కరెంటు పోయినట్టుంది!" అనేవాణ్ని. జనం పొట్టలు పట్టుకునేవారు. నవ్వితే నాకు ఇంకా ఊపొచ్చేది.

అప్పుడే గోదావరి వైపు నుంచి ఒక కుర్రాడు కంప్యూటర్ కోర్సు నేర్చుకుందామని మాదాపూర్‌లో గది తీసుకున్నాడు. అతనికి నిజమైన ఫుట్‌బాల్ బూట్లున్నాయి. అతను జారితే దుమ్ము రెండంతస్తులు లేచేది. ఇక జనమంతా ఒకటే మాట, వాణ్ని స్టాపర్ చెయ్యండని. కెప్టెన్ తేల్చేశాడు:

"వచ్చే ఐతారం మదీనాగూడోళ్లతోని ఆట. మన స్టాపర్‌కు గదే ఆఖరి చాన్స్. పబ్లిక్ నవ్వుతుంటె జట్టు ఇజ్జత్ పోతుంది."

ఆ వారం మధ్యలో స్టాపర్ మా దుకాణానికి వచ్చాడు. నేను వైరు చుడుతున్నాను.

"అన్నా, ఒక మాట."

"చెప్పు స్తంభం," అన్నాను, అలవాటు కొద్దీ.

అతను నవ్వలేదు. "మా ఇంటామె గ్రౌండుకు వస్తలేదు. పెండ్లయిన కొత్తల ప్రతి ఐతారం వస్తుండె. మొన్న నీ హారన్ల నా ముచ్చట ఇని లేసిపోయింది. ఈ ఐతారం గూడ నవ్విండ్రంటె నన్ను జట్టుల కెళ్లి తీసేస్తరు. జర గా ఒక్కనాడు నన్ను ఇడిసిపెట్టు. మెచ్చుకోవద్దు. నోరు మూసుకుంటె సాలు."

"నోరు మూసుకుంటె ఇగ మైకెందుకు?"

"గదే నేను గూడ అడుగుతున్న," అని వెళ్లిపోయాడు.

నాకు నవ్వొచ్చింది. కొంచెంసేపటికి రాలేదు.

ఎప్పుడూ నేను గ్రౌండు నడిమి గీత దగ్గరున్న చాయ్ హోటల్లో కూర్చుని, వాళ్ల కరెంటుతోనే మైకు నడిపేవాణ్ని. ఆ ఆదివారం వెళ్లి చూస్తే హోటలే లేదు. రోడ్డు వెడల్పు చేస్తూ దాన్ని కూల్చేశారు. ఇక కెప్టెన్ లారీ బ్యాటరీయే దిక్కు. లారీ నిలపడానికి మా గోలు వెనకే జాగా ఉంది. క్యాబిన్ మీదికెక్కి హారన్ పక్కన పెట్టుకున్నాను. అంతకుముందెప్పుడూ ఆటను ఆ వైపు నుంచి చూడలేదు.

అతను అడిగినట్టే నోరు మూసుకున్నాను, అంటే మిగతా పదిమందినీ వెక్కిరించాను. మదీనాగూడ ఫార్వర్డ్ చిరుతలాంటివాడు. మొదటిసారి దూసుకొచ్చాడు. మా స్టాపర్ గుట్ట దిక్కుకు రెండడుగులు జరిగి నిలబడ్డాడు, అంతే. రోడ్డు దిక్కు ఖాళీగా కనబడింది. ఫార్వర్డ్ అటు ఉరికాడు. అటు పోతే గీత దగ్గర ఇరుకు సందు, తిరిగే చోటుండదు. బంతి గీత దాటిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. పక్కనుంచి చూసినన్నాళ్లూ ఫార్వర్డే తప్పు చేశాడనుకునేవాణ్ని. వెనకనుంచి చూస్తే, ఆ తలుపు తెరిచిపెట్టేది మావాడేనని కనబడింది.

నేను మాట్లాడటం మర్చిపోయాను. కింద నుంచి ఎవరో అరిచారు:

"ఏమయింది, మైక్ ఖరాబయిందా?"

మైకు బాగానే ఉంది. మళ్లీ అందుకున్నాక ఇక ఆగలేదు. ఫార్వర్డ్ నాలుగోసారి వస్తుంటే ఉత్సాహం పట్టలేక అరిచేశాను: "దుమ్ము చూడకుండ్రి, మా స్టాపర్ కాళ్లు చూడుండ్రి! రోడ్డు దిక్కు తలుపు తీసిండు! గటు పోయినోడు సందుల ఇరుక్కుంటడు!"

హారన్ మాట మా జనానికే వినపడుతుందా? ఫార్వర్డ్‌కూ వినపడింది. ఠక్కున ఆగాడు. రోడ్డు దిక్కు పోలేదు. బంతిని మధ్యలో ఉన్న తనవాడికి తోశాడు. గోల్.

నా జన్మలో మొదటిసారి ఒక మనిషిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటే జరిగింది అది.

సగం ఆట అయ్యాక కెప్టెన్ నన్ను దించి కొట్టడానికి లారీ ఎక్కబోయాడు. స్టాపర్ అతని చెయ్యి పట్టుకుని ఆపి, నావైపు తలెత్తాడు.

"ముందుగాల తిడితివి, గిప్పుడు మెచ్చుకుంటివి. దేనితోని ఎక్కువ పరేషాన్ చేసినవో నాకే సమజయితలేదు."

"ఇగ మాట్లాడనన్నా. ఒట్టు."

"గట్లెట్ల? వాడు ఇగ నీ మాటనే ఇంటడు గద. నువ్వు చెప్పుడు చెప్పు. నేను చేసుడు చేస్త."

రెండో సగంలో ఫార్వర్డ్ వచ్చిన ప్రతిసారీ "రోడ్డు దిక్కు సందు!" అని అరిచాను. వాడు బుద్ధిమంతుడిలా హారన్ మాట విని గుట్ట దిక్కు తిరిగేవాడు. మా స్టాపర్ అక్కడ ముందే నిలబడి ఉండేవాడు, బస్సు కోసం ఎదురుచూస్తున్నట్టు. బంతి వచ్చి అతని కాలికి తగిలేది. మొదట ఒకడు ఈల వేశాడు. తర్వాత గట్టు మీద కూర్చున్న జనమంతా వేశారు. దుమ్ము లేకుండా ఈలలు వినడం ఆ గ్రౌండుకు కొత్త. "మైక్ బంద్ చేయుండ్రి!" అని మదీనాగూడవాళ్లు గోల పెట్టారు. చివర్లో మావాళ్లు కూడా ఒక గోలు ఎలాగో వేశారు. సమానంగా ముగిసింది. ఆ గోలు ఎవరు వేశారో ఈరోజు ఎవరికీ గుర్తులేదు.

ఆట అయ్యాక గట్టు మీద ఎవరిని అడిగినా ఒకటే మాట: "నేను సురూ నుంచి చెప్తనే ఉన్న, అసలు ప్లేయర్ గాయననే అని." నేనొక్కణ్నే అలా అనలేకపోయాను. నేనేమన్నానో ఊరంతా విన్నది కదా.

బూట్ల కుర్రాడు కెప్టెన్ దగ్గరికి తనే వెళ్లాడు. "ఆయన్ని కదపకండి. నన్ను ఆయన పక్కన ఆడించండి చాలు. ఆయనుంటే నాకు జారే పనే ఉండదండి, బట్టలుతుక్కునే బాధ తప్పుతుంది," అన్నాడు. కెప్టెన్ సరేనన్నాడు, ఎప్పట్లాగే అరుస్తూ.

వైరు చుడుతూ స్టాపర్‌ని అడిగాను, ఫార్వర్డ్ ఎటు పోతాడో ముందే ఎట్లా తెలుస్తుందని.

"బండను కొట్టేముందు చుట్టు తిరిగి చూస్తం గద, ఎటు పగుల్తదో. గంతే. నీ నోరొక్కటే ఎటు పగుల్తదో తెల్వది."

తర్వాతి ఆదివారం ఆట మొదలుకాకముందే అతని భార్య వచ్చింది. చేతిలో టిఫిన్ డబ్బా. గట్టు మీద కూర్చోకుండా నేరుగా లారీ దగ్గరికి వచ్చి నిలబడింది. తిట్లకు సిద్ధపడి తల వంచుకున్నాను. ఆమె నన్ను కాదు, హారన్‌ని చూస్తోంది.

"అన్నా, గిది ఎంత దూరం ఇనపడ్తది?"

"మీ బస్తీ దాక ఇనపడ్తదమ్మా."

ఆమె కొంగు సర్దుకుంది. "మా అత్తమ్మ ఇంట్లనే ఉంది. కొడుకు ముచ్చట ఇనాలె, జర గట్టిగ చెప్పు."

నేను లేచి, హారన్‌ని గ్రౌండు వైపు నుంచి బస్తీ వైపు తిప్పి కట్టాను.