చెయ్యెత్తి మాట్లాడాలి

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో పశువుల డాక్టరుగా ఉన్నప్పుడు, నా దగ్గరికి నలుగురు ట్రైనీలను పంపారు. వెటర్నరీ కాలేజీలో ఆఖరి సంవత్సరం పిల్లలు, ముగ్గురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. వాళ్ళతో పాటు పైనుంచి ఒక కాగితం కూడా వచ్చింది. సూదులూ మందులూ సరే, రైతులతో మర్యాదగా మాట్లాడటం, నలుగురూ కలిసి పనిచేయడం కూడా నేర్పమని. ఆ పనికి నన్ను ఎంచుకున్నవాడెవడో గాని నా గొంతు ఎప్పుడూ విని ఉండడు. నేను ఆసుపత్రిలో కసిరితే ఎదురుగా మిరపకాయలు ఆరబోసుకునేవాళ్ళు పని ఆపి చూసేవారు.

అయినా నేర్పాను. గొంతు పెంచకూడదన్నాను. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డుపడకూడదన్నాను. కేసు దగ్గరైతే చెయ్యెత్తి, పెద్ద డాక్టరు ఊఁ అన్నాకే నోరు తెరవాలన్నాను. మొదటి నియమాన్ని మూడుసార్లు అరిచి చెప్పాల్సి వచ్చింది, ఎందుకంటే వెనక కూర్చున్నవాడు వినడం లేదు.

తర్వాత నాటకం. పొడుగ్గా ఉన్న కుర్రాణ్ణి గోనెపట్టా మీద గేదెగా పడుకోబెట్టాను. ఒకడు రైతు, ఒకడు డాక్టరు. అమ్మాయి చూసి తప్పులు రాసుకోవాలి. డాక్టరు రైతు భుజం మీద చెయ్యేసి, "మీ బాధ నాకు అర్థమైందండి" అన్నాడు. రైతుకి నిజంగానే ఏడుపొచ్చింది. వాడికి ఇల్లు గుర్తొచ్చిందట. మేకను తోలుకొచ్చిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చుని అంతా చూసి, "గేదె ముందుకాళ్ళు అట్టా చాపదండి, లోపలికి మడుస్తది" అన్నాడు. గేదె కాళ్ళు సర్దుకుంది. "ఎన్నో ఈత?" అని అడిగాడాయన. "రెండోదండి" అన్నాడు రైతు కళ్ళు తుడుచుకుంటూ. నాకు ఒళ్ళు మండి ఆ రోజుకి పాఠం ఆపేశాను.

నాలుగో రోజు కబురొచ్చింది. పక్క ఊళ్ళో ఒకావిడ గేదె ఈనిన మర్నాడే కూలబడిపోయింది. ఆవిడకి ఉన్నది అదొక్కటే. నలుగుర్నీ వెంటబెట్టుకుని వెళ్ళాను. గేదె మెడ డొక్క వైపు తిప్పుకుని పడి ఉంది, చెవులు చల్లగా ఉన్నాయి. పాల జ్వరం. ఈనాక ఒంట్లో కాల్షియం పడిపోతే వస్తుంది. ఒక సీసా నరంలోకి ఎక్కిస్తే లేచి నిలబడుతుంది. ఎక్కువైతే మాత్రం గుండె ఆగిపోతుంది. అందుకే అడిగాను.

"పొద్దున్నించీ ఎవరన్నా ఏమన్నా చేశారా?"

"లేదండి" అందావిడ.

అమ్మాయి వేడినీళ్ళ కోసం ఆవిడతో లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి నేను సూది గుచ్చేశాను. సీసా ఆమె చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నాను. కాసేపటికి చూస్తే రెండో చెయ్యి కూడా పైకెత్తింది. "ఒక చెయ్యి చాలు" అన్నాను. దించలేదు. ఆమె చెయ్యెత్తిందని నాకు చెప్పడానికి పక్కవాడు చెయ్యెత్తాడు. వాడి కోసం ఇంకొకడు. మొన్న గేదె వేషం కట్టినవాడు ఈ గేదె తల పట్టుకుని ఉన్నాడు. వాడు తల వదిలేసి తనూ ఎత్తాడు. ఒక్కరూ నోరు విప్పలేదు.

ఇంటావిడ వాళ్ళను చూసి బావురుమంది. "పిల్లలు దేవుడికి మొక్కుతున్నారు డాక్టరుగారండీ, నా గేదె పోతందాండీ?"

నేను తలెత్తాను. "ఏంట్రా ఈ చేతులు?"

"మాట్లాడొచ్చా సార్?" అంది అమ్మాయి.

"చెప్పి చావు."

"పొద్దున ఎవరో వచ్చి ఒక సీసా ఎక్కించి వెళ్ళారంట సార్. ఇది రెండోది."

గొట్టం నొక్కిపట్టి సూది లాగేశాను. సీసాలో సగం అయిపోయి ఉంది. స్టెతస్కోపు పెడితే గుండె తడబడుతూ కొట్టుకుంటోంది. ఎదురుచూడటం తప్ప చేయగలిగింది లేక అందరం ఆ పేడలోనే చతికిలబడ్డాం. గంటకి గేదె త్రేన్చింది, పేడ వేసింది, వెనకకాళ్ళు లేపి నెమ్మదిగా నిలబడింది.

భయం తీరగానే కోపం తన్నుకొచ్చింది. "అడిగితే లేదన్నావేమ్మా? ఇంకొంచెమైతే పోయేది."

ఆవిడ గేదె మొహం కడుగుతూ, నా వైపు చూడకుండానే చెప్పింది. "మీరు అడిగినట్టు లేదండి, కొట్టేట్టున్నారు. ఇంకొకళ్ళని పిలిచామంటే గేదెను ముట్టుకోకుండానే వెళ్ళిపోతారని ఊరందరికీ తెలుసు. ఆ పాప పొయ్యికాడ నా పక్కన కూర్చుంటే చెప్పుకున్నా."

అలా వెళ్ళిపోయిన మాట నిజమే.

అప్పటికి ఆ చుట్టుపక్కల ఊళ్ళలో తొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. నా చేతిలో పోయిన ప్రతి పశువుకీ రిజిస్టరులో 'ఆలస్యంగా పిలిచారు' అని రాశాను. వాటిలో ఎన్నింటికి నేను రెండో సీసా ఎక్కించానో నాకు ఇప్పటికీ తెలియదు.