సొరబుర్రలో పదహారు నోట్లు

ఆత్మకూరు బస్టాండు పక్కన వరదయ్యకు ఒక చిన్న బల్ల ఉండేది. దానిమీద అద్దంపలక, గంజిగిన్నె, ఒక సూది. చినిగిన నోట్లు తీసుకుని మంచివి ఇవ్వడం ఆయన బతుకుతెరువు. పదికి రూపాయి కమీషను. పోగైన చిరుగుల్ని నెలకోసారి నెల్లూరు తీసుకెళ్ళి బ్యాంకులో మార్చుకొచ్చేవాడు. రూపాయి నోట్ల అచ్చు ఆగిపోయి రెండేళ్ళయినా పాతవి ఇంకా చేతులు మారుతూనే ఉండేవి. చిరుగు కనబడితే చాలు, కండక్టర్లు మొహం తిప్పుకునేవాళ్ళు. అందుకని గిరాకీకి లోటు లేదు.

పరమ పీనాసి అని పేరు. నిజమే, రోజుకు ఒక్క టీ తాగేవాడు, అదీ సగం. కానీ నోటు పట్టుకున్నప్పుడు చూడాలి ఆయన్ను, పసిబిడ్డకు నీళ్ళు పోసినంత నెమ్మది. వాసన చూసి అది ఎక్కడెక్కడ తిరిగిందో చెప్పేవాడు. కొయ్యపొట్టు వాసనొస్తే ఉదయగిరి గరిటెలవాళ్ళది, అత్తరు వాసనొస్తే ఏయస్ పేట దర్గా దగ్గర్నుంచి వచ్చింది.

"నోటంటే సర్కారు ఇచ్చిన మాటరా. నంబరు ఉన్నంతకాలం మాట ఉన్నట్టే. అది పోతే ఉత్త కాయితం," అనేవాడు. నంబరు లేని ముక్కకు జన్మలో పైసా ఇచ్చినవాడు కాదు.

తొంభై ఆరో సంవత్సరం వానల్లో, చెరువు నిండిన వారానికి, చెంచులక్ష్మి పరుగున వచ్చింది. చెరువుకట్ట కింద గుడిసెల్లో ఉండేది. మొగుడు పెంచలయ్యతో కలిసి కంట్రాక్టరు వలలో కూలికి చేపలు పట్టేది. ఒళ్ళోంచి ఒక తడిముద్ద తీసి బల్లమీద పెట్టింది.

"ఏందమ్మే ఇది?"

"నోట్లన్నా. పదహారు యాభైలు. సొరబుర్రలో దాచి చూరుకు తగిలించినా. ఆయన అది ఈతబుర్ర అనుకోని నడుముకు కట్టుకోని చెరువులో దిగినాడు. మూత ఊడి లోపలికి నీళ్ళు పోయినాయి."

సొంత వల కోసం మూడేళ్ళు దాచిన డబ్బు అది. వలలమ్మే మనిషి ఎనిమిది వందలకు ఒకటి తీసిపెట్టాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడు. మళ్ళీ వచ్చేసరికి చెరువులో చేప అయిపోతుంది, ఇంకో ఏడాది కంట్రాక్టరు కూలే గతి.

వరదయ్య ముద్దను నీళ్ళ పళ్ళెంలో వదిలి, సూదితో అంచులు విడదీసి, ఒక్కో నోటూ అద్దంమీద పరిచాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. ఆమె కూడా కదల్లేదు. పదమూడు బతికాయి. అడుగున ఉన్న మూడు మాత్రం బుర్ర గోడకు అంటుకుని చివికిపోయాయి. ఎంత వెతికినా నంబర్లు లేవు.

ఆయనకు ఒళ్ళు మండింది. డబ్బును సొరబుర్రలో దాచుకునే మనుషులుంటారా అని. ఆ కోపంలోనే పెట్టె తెరిచి, ఎనిమిది వందలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"అన్నిటికీ నంబర్లు ఉండాయి. పో, బస్సు కదలతాది."

"మరి కమీషనన్నా?"

"తడిసినోటికి కమీషను లేదు. పో."

నెల్లూరు బ్యాంకులో ఆ మూడూ వెనక్కిచ్చేశారు. ఇంట్లో ఆ సంగతి ఎత్తకుండా వరదయ్య వాటిని పెట్టె అడుగున పెట్టేశాడు.

పదిరోజులకు చెంచులక్ష్మి మళ్ళీ వచ్చింది. ఆకులో చుట్టిన పెద్ద కొరమీను బల్లమీద పెట్టింది.

"ఇదేంది?"

"ఒక నోటుదన్నా. ఇంకా రెండు బాకీ."

వరదయ్య తల ఎత్తలేదు. "నీకెవరు చెప్పినారు?"

"నువ్వు నోట్లు చూస్తా ఉండావు, నేను నీ మొహం చూస్తా ఉండా. పదమూడు దాకా ఒక తీరుగా ఉన్నింది, ఆ తర్వాత ఇంకో తీరు."

వరదయ్య కాసేపు గంజిగిన్నె అటూ ఇటూ జరిపాడు. తర్వాత టీకొట్టువైపు చెయ్యి ఊపి రెండు టీలు చెప్పాడు. రెండూ నిండుగా పొయ్యమన్నాడు.